మెరక నీళ్ళు

పల్లపు వీధి చివరి కుళాయి దగ్గర డబ్బాలమ్మ ఆటో దిగిందంటే ఆ పూట ఆడవాళ్ళకి కాలక్షేపానికి లోటుండదు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఆవిడకీ ఉంది గానీ, నీళ్ళ పరీక్షల ఆఫీసులో జీతాలిచ్చే చోట తప్ప దాంతో ఎవరికీ పనిలేదు. ఆ ఆఫీసు నుంచి మిగతావాళ్ళు వస్తే జేబులో పట్టే సీసా తెస్తారు, నింపుతారు, మూత బిగించుకుని వెళ్ళిపోతారు. ఈవిడ మాత్రం ఆటో నిండా పెద్దపెద్ద డబ్బాలు వేసుకుని, కాపురం మారుస్తున్నదానిలా దిగుతుంది.

"ఇన్ని నీళ్ళేం చేస్తావే తల్లీ, ఏనుక్కి స్నానమా?" అంది వరసలో ముందున్న ముసలావిడ.

"మీ నీళ్ళలో ఏముందో వడగట్టి చూస్తా అత్తా. చిన్న సీసాకి దొరకడం లేదు."

"దొరక్కపోవడమేం, మా కళ్ళు చూస్తే చాలదూ? ఇంటికో పచ్చకన్ను."

వరసలో ఎవరో నవ్వారు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. వీధిలో కామెర్లు తిరుగుతున్నాయి. సీసాలవాళ్ళు వచ్చిపోతూనే ఉన్నారు, నీళ్ళు బాగానే ఉన్నాయని కాగితం ఇస్తూనే ఉన్నారు. అందులో వింతేం లేదు. బిందెడు నీళ్ళలో ఒక్క ఆవగింజ పడిందనుకోండి, చెంచాతో ఒకసారి ముంచి చూసి లేదు పొమ్మంటే అది లేనట్టా? బిందె మొత్తం వడగట్టాలి. డబ్బాలమ్మ పని అదే.

ఆవిడ చేతులకి తొడుగులు వేసుకుని, కుళాయి మూతిని స్పిరిట్ గుడ్డతో తుడిచింది. కాసేపు నీళ్ళని ఊరికే పోనిచ్చింది. ఆ వృథా చూడలేక ముసలావిడ తన బిందె అడ్డం పెడితే, సరే పెట్టుకోమంది. తర్వాత ఒక్కో డబ్బా నింపుతూ ప్రతి దాన్లో చిటికెడు తెల్లపొడి వేసి కుదిపింది. నీళ్ళలో మిగిలిన క్లోరిన్‌ని ఆ పొడి చంపుతుంది. లేకపోతే ఆఫీసుకి చేరేలోపే ఆ క్లోరిన్, మనం వెతికేదాన్ని కాస్తా తినేసి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది.

ఆఖరి డబ్బాకి మూత బిగిస్తుంటే గేదెలామె వచ్చింది. వరసలో ఉన్నవాళ్ళు పక్కకి జరిగారు. దారి ఇవ్వడానికి కాదు, ముట్టుకోకుండా ఉండడానికి. కాలవగట్టు మీద ఆమె పాకలున్నాయి. ఆ కాలవలోంచే ఊరికి నీళ్ళు తోడతారు. వీధిలో జబ్బు మొదలైన దగ్గర్నుంచి పెద్దలందరూ కలిసి, ఇదంతా గేదెల పేడ వల్లేనని తేల్చేశారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అవుతుందంటారు కదా, అదీ సంగతి. ఎల్లుండి పొద్దున పాకలు తీసేస్తారట. పరీక్షలో వేరే ఏమైనా తేలితే తప్ప.

"మేడమ్‌గారూ, ఒక మాట అడగొచ్చా?"

"మేడమేంటక్కా. అడుగు."

"ఈ పరీక్షలో పేడ వేరు, మనిషిది వేరు అని తెలుస్తుందంట కదా."

"తెలుస్తుంది. మనిషి పేగుల్లో తప్ప ఇంకెక్కడా బతకని పురుగొకటి ఉంటుంది, కంటికి కనపడదు. పశువు పొట్టలోది వేరే రకం. ఏది దొరికిందో చూసి ఎవరిదో చెప్పొచ్చు."

గేదెలామె తలూపింది. ఆమె చేతిలో పాలచెంబు ఖాళీగా ఉంది. ఆ పాలు ఇప్పుడెవరూ కొనడం లేదు. పితక్కపోతే పశువు అల్లాడిపోతుంది కాబట్టి పితికి మట్టిలో పోస్తోంది.

"పాకలు పోతే పోనీ. దాని గురించి కాదు నేనడిగేది. మా పిల్ల పోయింది కదా పోయిన నెల, కడుపుతో ఉండి, ఈ కామెర్లకే. అది తాగిన నీళ్ళు కాలవలోంచే వచ్చాయంటున్నారు. ఆ కాలవలోకి నా గేదెలు దిగాయంటున్నారు. దింపేది నేనే, ఎండకి తాళలేవని." ఆమె చెంబుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నా గేదెలే నా పిల్లని చంపాయా? అది చెప్పు. ఇంకేం వద్దు నాకు."

డబ్బాలమ్మ తొడుగులు విప్పుతూ, "రేపు సాయంత్రానికి తెలుస్తుందక్కా. నేనే వచ్చి చెబుతాను" అంది.

"ఒట్టేనా?"

"ఒట్టు."

ఆటో కాలవగట్టు మీదుగా వెళ్తుంటే డబ్బాలమ్మ వెనక్కి చూసింది. గేదెలామె అప్పటికే పాకలో గేదె పక్కన గొంతుక్కూర్చుని ఉంది. చేతులు పొదుగు మీద ఉన్నాయి గానీ, మొహం మాత్రం గోడ వైపు తిప్పుకుంది. ఎప్పుడూ పశువు పొట్టకి తల ఆనించి కబుర్లు చెబుతూ పితికే మనిషి.

ఆఫీసులో డబ్బాలమ్మకి ఇచ్చిన గది ఒకప్పుడు సామాన్ల కొట్టు. కిటికీ ఒకటుంది, తెరుచుకోదు. బల్ల మీద చిన్న మోటారు, దానికి రబ్బరు గొట్టాలు, ఆ చివర మణికట్టంత లావు గాజురంగు గొట్టం నిలబెట్టి ఉంటాయి. అది మూత్రపిండాలు పాడైనవాళ్ళకి రక్తం శుభ్రం చేసే గొట్టమే. లోపల వెంట్రుకల్లాంటి బోలు దారాలు వేలకొద్దీ ఉంటాయి. ఆసుపత్రిలో అయితే రక్తంలోని చెడు ఆ దారాల గోడల్లోంచి బయటికి పోతుంది. ఇక్కడ నీళ్ళు బయటికి పోయి చెడు లోపలే ఉండిపోతుంది. డబ్బాలన్నీ తాగేశాక, చివర్లో మందునీళ్ళు వెనక నుంచి ఎక్కించి గొట్టాన్ని కడిగితే, పట్టుకున్నదంతా గ్లాసుడు నీళ్ళలో కక్కేస్తుంది. వీధి మొత్తం తాగిన పాపం ఆ గ్లాసులోకి దిగుతుందన్నమాట.

మోటారు నెమ్మదిగా తిరగాలి. తొందరపడితే దారాలు తెగుతాయి. అందుకని డబ్బాలమ్మ ముక్కాలిపీట వేసుకుని, ఒక చెయ్యి గొట్టం మీద ఉంచి, చేతికి తగిలే వణుకుని బట్టి వేగం తగ్గిస్తూ పెంచుతూ కూర్చుంటుంది.

పల్లపు నీళ్ళ కంటే ముందు బ్లాంకు నడిపింది. బ్లాంకు అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఏమీ లేని శుభ్రమైన నీళ్ళని అవే గొట్టాల్లోంచి అదే తీరున వడగట్టి, అందులోనూ మురికి కనపడిందంటే ఆ మురికి మన చేతులదో గొట్టాలదో అని ఒప్పుకోవడం. రూలు ప్రకారం దానికి ఆఫీసులో తయారయ్యే శుద్ధజలం వాడాలి. ఆ యంత్రం మూలిగి మూలిగి రోజంతా కలిపి రెండు సీసాలు ఇస్తుంది. బ్లాంకుకి డబ్బాలకి డబ్బాలు కావాలి. యంత్రం బాగుచేయించండి మహాప్రభో అని అడిగి అడిగి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయ్యాక, ఆవిడ తన ఇంటి నీళ్ళు తేవడం మొదలుపెట్టింది. ఇల్లు మెరక మీద. అక్కడి నీళ్ళ ట్యాంకు వేరు, వీధులు వేరు, ఆఫీసర్ల బంగళాలన్నీ అక్కడే. పోయిన వేసవిలో అవే నీళ్ళతో బ్లాంకు నడిపితే సున్నా వచ్చింది కూడా. ఊళ్ళో ఇంతకంటే మంచినీళ్ళు ఎక్కడున్నాయని ఆవిడ ధీమా.

సాయంత్రానికి రెండు గ్లాసులు తయారయ్యాయి. వాటిని పట్టుకెళ్ళి పై అంతస్తులో పీసీఆర్ మెషీను నడిపే ఆయనకి అప్పజెప్పింది. ఆయన్ని అందరూ జోస్యులుగారంటారు. ఎవరి గ్రహస్థితి ఎలా ఉందో ఆయన తెర మీద గీతలు చూసి చెబితేగానీ తెలియదు కాబట్టి.

"రేపు మధ్యాహ్నం రండి. మంచి ముహూర్తం చూసి చెబుతాను" అన్నాడాయన.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. కోడలు వంటింటి గుమ్మం పక్కన చాప మీద పడుకుని ఉంది. అత్తగారి చెప్పుల చప్పుడు విని లేవబోయింది.

"పడుకో పడుకో. నువ్వు లేచి నాకు హారతిపట్టాలా ఏంటి. అన్నం తిన్నావా?"

"వాసనకే కడుపులో తిప్పుతోందత్తయ్యా."

"ఎనిమిదో నెలలో వేవిళ్ళేంటే, విడ్డూరం. వాడు పుట్టకముందే పేచీలు మొదలెట్టాడు." డబ్బాలమ్మ గిన్నె మూత తీసి చూసింది. పొద్దున తను వండిపెట్టి వెళ్ళింది వెళ్ళినట్టే ఉంది. తెల్లారకముందే వండేసి వెళ్ళడం, దీపాలు పెట్టాక రావడం. కొడుకు లారీ మీద వెళ్ళి ఇంకా వారం దాకా రాడు. "పోనీ పగలంతా ఏం చేశావు?"

"నిద్రపోయాను."

"అదృష్టవంతురాలివి. నాకూ ఒక రోజు ఇస్తే బాగుండు."

కోడలు నవ్వి, గుమ్మం అంచుకి అరచేతులు రాసుకుంది. ఒకటి, తర్వాత రెండోది, మళ్ళీ మొదటిది.

"ఏమైంది చేతులకి?"

"దురద. ఆ కొత్త సబ్బుపొడి పడలేదనుకుంటా. నిన్న మీ డబ్బాలు కడిగానుగా."

"ఎవరు కడగమన్నారు నిన్ను? చెబితే వినవు కదా." తిడుతూనే కొబ్బరినూనె తెచ్చి, ఆ పిల్ల చేతులు తన ఒళ్ళో పెట్టుకుని అరచేతుల్లో రాసింది. బుడ్డి దీపమంత వెలుతురు ఇచ్చే బల్బు అది. ఆ వెలుతురులో ఇద్దరి చేతులూ ఒకే రంగులో కనపడ్డాయి.

"డాక్టరమ్మ దగ్గరికి ఒకసారి పోదామా?"

"వచ్చేవారం ఎలాగూ రమ్మందిగా."

పక్కింటి మాస్టారి భార్య ప్రహరీ మీంచి పలకరించింది. మాస్టారికి కామెర్లు తగ్గుముఖం పట్టాయట. ఆయన ఎక్కడో బయట తిన్నాడని, అందువల్లే వచ్చాయని వీధంతా ఒప్పేసుకుంది. మెరక మీద కామెర్లొస్తే తిండి వల్ల, పల్లంలో వస్తే మురికి వల్ల. ఇదెక్కడి న్యాయమని ఎవరూ అడగలేదు, డబ్బాలమ్మ కూడా.

ఆవిడ కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి తెచ్చి కోడలి నోటి దగ్గర పెట్టింది. "అన్నం తినకపోతే మానె, నీళ్ళన్నా తాగు. లోపల వాడికి నీళ్ళు కావాలి." గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడి, ఇంకో గ్లాసు ముంచింది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ పై అంతస్తుకి వెళ్ళేసరికి జోస్యులుగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"పల్లపు నీళ్ళలో మనిషిది ఉంది. బాగా ఉంది. పశువుది అసలు లేదు."

డబ్బాలమ్మ బల్ల అంచు పట్టుకుంది. గేదెలామె మొహం కళ్ళముందు ఆడింది. ఇప్పుడే వెళ్ళి చెప్పేయాలనిపించింది.

"ఆగండి. సంబరం అప్పుడే వద్దు. బ్లాంకులో కూడా మనిషిదే ఉంది."

"ఉండదు."

"నేను పెట్టింది కాదమ్మా. గీత పైకి లేచింది, చూసుకోండి. పురుగు ఉంటేనే లేస్తుంది."

గీత పైకి లేచే ఉంది. పల్లపు నీళ్ళ గీత కంటే కాస్త ఆలస్యంగా, కానీ అదే వాలుగా. ఇద్దరూ కలిసి పెద్దసారు గదికి వెళ్ళారు. ఆయన చెడ్డవాడేం కాదు. పాకలు తీయడాన్ని ఈ రెండు రోజులైనా ఆపించింది ఆయనే. అంతా విని, చేతివేళ్ళతో నుదురు రాసుకున్నాడు.

"బ్లాంకు చెడితే పరీక్ష చెడినట్టే. ఈ మాట నేను చేరిన కొత్తలో నాకు నేర్పింది మీరేనమ్మా."

"పశువుది లేదు కదా సార్."

"లేదు. కానీ ఉన్న మనిషిది ఎవరిదంటే ఏం చెప్పను? మీ చేతిది కావచ్చు, గొట్టాలది కావచ్చు. ఇది పట్టుకుని వెళ్తే పాకలు తీయించేవాళ్ళు నా మొహాన్నే విసిరికొడతారు." కుర్చీలో ముందుకి వంగి, "బ్లాంకుకి ఏ నీళ్ళు వాడారు?" అన్నాడు.

"శుభ్రమైన నీళ్ళే సార్."

అబద్ధమని ఆవిడ అనుకోలేదు. రూలు తప్పాననే బెరుకు కొద్దిగా ఉంది, అంతే. తన చేతులు మురికివంటే మెడ వంచి ఒప్పుకుంది గానీ, తన ఇంటి కుళాయి మీదికి ఆవిడ ఆలోచన పోనేలేదు. ఆయన కూడా రెట్టించలేదు.

"ఇంకొక్కసారి చేస్తాను సార్. రేపు సాయంత్రానికి ఇస్తాను."

"చేయండి. కానీ పాకలు కూల్చే మిషను రేపు పొద్దున్నే వస్తుంది. ఇక ఆపడం నా చేతుల్లో లేదు."

గేదెలామె ఆఫీసు గేటు బయట గోడనీడలో కూర్చుని ఉంది. ఇంటికి వచ్చి చెబుతానంటే ఆగలేకపోయిందేమో. డబ్బాలమ్మని చూసి లేచింది గానీ ఎదురు రాలేదు.

"ఇంకోసారి చెయ్యాలక్కా. నా పనిలో ఏదో తప్పు దొర్లింది."

"నా గేదెలేనా?"

"తెలీదు."

"తెలీదంటే అవునన్నట్టేగా." గేదెలామె కొంగు విదిలించుకుని నడిచి వెళ్ళిపోయింది. కేకలు వేసినా, శాపనార్థాలు పెట్టినా డబ్బాలమ్మకి తేలిగ్గా ఉండేది. ఆ సాయంత్రం గొట్టాలన్నీ విప్పి, మందులో నానబెట్టి, బ్రష్షుతో తోమి, మళ్ళీ వేడినీళ్ళతో కడిగింది. తర్వాత తన చేతుల్ని మోచేతుల దాకా అదే బ్రష్షుతో రుద్దుకుంది, ఎర్రగా కందిపోయేదాకా. ఇన్నేళ్ళ పనిలో తన చేతుల్ని ఎవరూ తప్పుపట్టలేదు.

మూడో రోజు తెల్లారుతూనే ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ రక్తం శుభ్రం చేసే విభాగంలో మంచాల వెనక పెద్ద నీళ్ళ యంత్రం ఉంది. మనుషుల రక్తం పక్కన పారే నీళ్ళు కాబట్టి వాటి శుభ్రతకి వంక పెట్టడానికి లేదు. గొట్టాలు ఎప్పుడూ అక్కడి నర్సమ్మ దగ్గరే అడిగి తెచ్చుకుంటుంది కాబట్టి, ఈసారి నీళ్ళూ అడిగింది. మళ్ళీ మాట పడకూడదని. ఎవరూ వేలెత్తి చూపకూడదని.

"గొట్టాలు అయిపోయాయి, ఇప్పుడు నీళ్ళా? రేపు మా మంచాలు కూడా పట్టుకుపోతావు" అంటూనే నర్సమ్మ డబ్బాలు నింపనిచ్చింది.

పల్లంలోకి దిగేసరికి కాలవగట్టు మీద మిషను పని మొదలుపెట్టేసింది. ఇనుప చెయ్యి వంచి పాక పైకప్పు మీద వేస్తే, రేకులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గేదెల్ని తాళ్ళు కట్టి లారీ ఎక్కిస్తున్నారు, బందెలదొడ్డికి తోలడానికి. ఒక ముసలి గేదె మాత్రం ఎంత లాగినా ఎక్కలేదు. విసుగొచ్చి దాన్ని అక్కడే దీపస్తంభానికి కట్టేసి వెళ్ళారు. గేదెలామె గట్టు మీద కూర్చుని, పరాయివాళ్ళ ఇల్లు కూలుతుంటే చూసినట్టు చూస్తోంది.

డబ్బాలమ్మ ఆ చప్పుడులోనే డబ్బాలు నింపింది. ఈసారి ముసలావిడ ఏనుగు మాట ఎత్తలేదు. ఆ వృథా నీళ్ళకి బిందె కూడా అడ్డం పెట్టలేదు.

అవే గొట్టాలు, అదే మోటారు, అవే చేతులు. ముందు ఆసుపత్రి నీళ్ళు, తర్వాత పల్లపు నీళ్ళు. జోస్యులుగారు మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా మెషీను దగ్గరే కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా ఆయనే మెట్లు దిగి వచ్చాడు.

"పల్లంలో మనిషిది ఉంది, పశువుది లేదు. మొన్నటిలాగే. బ్లాంకు శుభ్రం. గీత నేల మీంచి లేవలేదు. మొత్తానికి చేతులు బాగా కడుక్కున్నారన్నమాట."

డబ్బాలమ్మ నవ్వింది. పీట మీద కూర్చుండిపోయి, హమ్మయ్య అనుకుంది. గేదెలామెకి జవాబు దొరికింది. ఆలస్యంగా దొరికింది, పాకలు పోయాక దొరికింది, అయినా దొరికింది.

తర్వాత చేతుల వంక చూసుకుంది. బ్రష్షు గీతలు ఇంకా ఉన్నాయి. మొన్న మాత్రం ఈ చేతులు కడుక్కోలేదా? ఇన్నేళ్ళూ కడుక్కున్నట్టే కడుక్కుంది. మొన్న గొట్టాలు కడగలేదా? కడిగింది. మొన్నటికీ ఇవాళ్టికీ మారింది ఏంటి?

నీళ్ళు.

పెద్దసారు ఇంటికి బయల్దేరుతూ సంచీ భుజానికి తగిలించుకుంటున్నాడు. డబ్బాలమ్మ తలుపు దగ్గరే నిలబడి చెప్పింది.

"మొన్నటి బ్లాంకు మా ఇంటి నీళ్ళతో చేశాను సార్. మెరక నీళ్ళు. చేతులు కాదు, గొట్టాలు కాదు. నీళ్ళలోనే ఉంది."

ఆయన కాసేపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. బల్ల మీద ఆయన తాగుతూ వదిలేసిన నీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని చూసి, సంచీ కింద పెట్టి, ఫోను తీశాడు. మొదట ఇంటికే చేశాడు. "కుళాయి నీళ్ళు ఎవరూ ముట్టుకోకండి. పిల్లలకి కూడా. ఎందుకో వచ్చి చెబుతాను." ఆ తర్వాతే ఇంజనీరుకి చేశాడు. రెండు ట్యాంకులకీ నీళ్ళు ఒకే పెద్ద గొట్టంలోంచి వెళ్ళి తర్వాత చీలతాయట. ఆ చీలికకి ముందే ఎక్కడో మురుగు గొట్టం పగిలి అందులోకి దిగుతోందన్నమాట.

"రేపు పొద్దున్నే మెరకకి ట్యాంకర్లు పంపిస్తాను" అన్నాడు ఫోను పెట్టేసి.

"పల్లానికో సార్?"

"పల్లానికీ" అన్నాడు, కాస్త ఆగి.

డబ్బాలమ్మకి ఒళ్ళు మండింది. కానీ వరండాలోకి వచ్చి ఆవిడ చేసిన పని కూడా అదే. ఇంటికే ఫోను చేసింది. చాలాసేపు మోగాక కోడలు ఎత్తింది.

"నిద్రపోతున్నావా? విను. కుండలో నీళ్ళు పారబొయ్. కుళాయి నీళ్ళు కాచి చల్లార్చి తాగు. పచ్చివి ముట్టుకోకు."

"సరే అత్తయ్యా" అంది ఆ పిల్ల, దూరం నుంచి పలికినట్టు. అంతే, ఎందుకని కూడా అడగలేదు. చెప్పినమాట వినే పిల్ల అనుకుని డబ్బాలమ్మ స్థిమితపడింది. తెలిసింది కాబట్టి ఇక మీదట కాచుకుంటే సరి. దేవుడి దయవల్ల వేళకి తెలిసింది.

ఇంటికి దారి పల్లం మీదుగానే. ఖాళీ డబ్బాలు ఆటోలో ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. కాలవగట్టు దగ్గర ఆపించి దిగింది. రేకులూ కర్రలూ కుప్పపోసి ఉన్నాయి. గేదెలామె దీపస్తంభం దగ్గర, ముసలి గేదెకి రెండడుగుల దూరంలో కూర్చుని ఉంది. దాని ముందు గడ్డి వేసింది గానీ దాన్ని చూడడం లేదు.

"నీ గేదెలు కాదక్కా" అంది డబ్బాలమ్మ, పలకరింపులేమీ లేకుండా. "ఆ నీళ్ళలో పశువుది ఏమీ లేదు. మనిషిదే. ఇప్పుడు గట్టిగా తెలిసింది."

గేదెలామె తలెత్తింది. ఆ మాట రెండోసారి వినాలన్నట్టు చూసింది. డబ్బాలమ్మ రెండోసారి చెప్పింది. అప్పుడు ఆమె లేచి గేదె దగ్గరికి వెళ్ళి, మెడ మీద చెయ్యి వేసింది. గంగడోలు కింద వేళ్ళతో గోకింది. గేదె తల వంచి ఆమె భుజాన్ని వాసన చూసింది.

"దీన్ని తన్నాను" అంది గేదెలామె. "పిల్లని తీసుకెళ్ళిన రోజు. వచ్చి దీన్ని కాలితో తన్నాను. కడుపులో తన్నాను." తర్వాత చాలాసేపు గేదె మెడకి మొహం ఆనించి ఏడ్చింది. చప్పుడు లేని ఏడుపు. డబ్బాలమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది.

కాసేపటికి ఆమె మొహం కొంగుతో ఒత్తుకుని, "ఎలా తేలింది మరి? నిన్న తెలీదన్నావు" అంది.

"మొన్నటి పరీక్ష తప్పు కాదక్కా. శుభ్రమైనవని పోల్చి చూడ్డానికి మా ఇంటి నీళ్ళు వాడాను. వాటిలోనూ అదే ఉంది. మెరక మీద గేదెలెక్కడివి? మీకూ మాకూ చీలకముందే పెద్ద గొట్టంలోకి మురుగు దిగుతోంది."

"మీ ఇంటి నీళ్ళలోనా?"

"ఊఁ."

గేదెలామె చెయ్యి గేదె మెడ మీద ఆగిపోయింది. "ఇంట్లో ఎవరెవరున్నారు?"

"నేనూ మా కోడలూ. కాచుకుని తాగమని ఇప్పుడే ఫోను చేసి చెప్పాను."

"కడుపుతో ఉందా?"

"ఎనిమిదో నెల" అంది.

"అన్నం తింటోందా?"

"వాసన పడటం లేదంటోంది. అది మామూలేగా..."

"పగలు నిద్రపోతోందా?"

ఈసారి డబ్బాలమ్మ తలూపింది, అంతే.

"అరచేతులు దురదంటోందా? మా పిల్ల గోడకి రాసుకునేది. నేను వేపాకు నూరి పెట్టాను, ఏదో కుట్టిందనుకుని."

గుమ్మం అంచుకి రాసుకున్న చేతులు, తను నూనె రాసిన చేతులు, తను దగ్గర నిలబడి తాగించిన రెండు గ్లాసులు.

"కళ్ళు చూశావా? దీపం ముందు కాదు, వెలుతురులో."

చీకటితో వెళ్ళి చీకటితో వచ్చే మనిషి. వెలుతురులో కోడలి మొహం చూసి ఎన్నాళ్ళయిందో ఆవిడకి గుర్తురాలేదు.

గేదెలామె గేదె తాడు ముడి ఒకసారి సరిచూసి, చేతులు చీరకి తుడుచుకుని ఆటో దగ్గరికి నడిచింది. వెనక ఉన్న ఖాళీ డబ్బాల్ని ఒక్కొక్కటే లాగి రోడ్డు పక్కన పెట్టసాగింది. ఆటోవాడు, ఇవి ఆఫీసువమ్మా అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

"పిల్ల కాళ్ళు చాపుకోవడానికి చోటు కావాలి. కూర్చోలేదు" అంది ఇంకో డబ్బా దింపుతూ. "పెద్దాసుపత్రి ముందు గుమ్మానికి పోనివ్వకు. అక్కడ చీటీ రాయించుకోమని కూర్చోబెడతారు. మమ్మల్ని కూర్చోబెట్టారు. వెనక వైపు నుంచి పోదాం. నువ్వు ఎక్కు, ఇంకా కాస్త వెలుతురుంది."